చెన్నపట్టణము — నేల, నీరు, మగ్గము



ఈ వార్షిక మహాసభయందు చెన్నపట్టణమును గూర్చి కొన్ని మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. పట్టణముల చరిత్రము చెప్పువారు తఱచుగా రాజులతోను కోటలతోను ఆరంభింతురు. మనది నేతవారి సభ గనుక మేము గుడ్డతో ఆరంభించెదము. ఇది మన కులాభిమానముచే చెప్పు మాట కాదు. మంచి రేవు గాని, పెద్ద నది గాని, గనులు గాని లేని యీ యిసుకనేలకు పరదేశపు వర్తకులు వచ్చుటకు కారణము చుట్టుపట్ల నేయబడు గుడ్డయే. ప్రకృతి యీ పట్టణమున కిచ్చినది స్వల్పము. తక్కినదెల్ల మనుష్యుల చేతులు చేసినవి, పొరుగు నేలలు పంపినవి. ఈ యప్పును పట్టణము ఎట్లు తీర్చినది, ఎచట మఱచినది యను సంగతియే నేటి మా ప్రసంగమునకు విషయము.

నేల స్వరూపము

చెన్నపట్టణము ఉత్తర అక్షాంశము 13 డిగ్రీలయొద్ద, చోళమండల తీరమున, బంగాళాఖాతపు టొడ్డున నున్నది. నేల చదును. సముద్రమట్టమునకు సగటున 6, 7 మీటర్లకంటె హెచ్చు ఎత్తు లేదు. కొండ యన దగినవి దక్షిణమున పరంగిమలయు, పల్లావరపు గుట్టలును మాత్రమే. ఆ పల్లావరముననే 1863లో రాబర్టు బ్రూసు ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్టును కనుగొనెను. కావున ఈ ప్రాంతమున మనుష్యనివాసము మిక్కిలి ప్రాచీనము. మైలాపూరు పూర్వపు రేవు. తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి యాలయమున పల్లవరాజగు దంతివర్మ నాటి శాసనము కలదు. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు సాంతోమున నిలిచిరి. నేడు ఒక్క నగరముగా గానవచ్చునది నిజమునకు వేర్వేఱు కాలములందు పుట్టిన యనేక గ్రామముల కూడలి.

పట్టణము నడుమ కూవము, దక్షిణమున అడయారు, ఉత్తరమున కొసస్తలైయారు అను మూడేఱులు సముద్రమున కలియును. మూడును చిన్నవి. వానకాలమున పొంగును, వేసవిలో ఎండును. సముద్రపు కెరటములు తెచ్చు ఇసుక వాని మొగలను మూయుచుండును. తీరమువెంట బకింగుహాము కాలువ యున్నది. బాపట్ల జిల్లాలోని పెదగంజాము మొదలు చెన్నపట్టణమునకు దక్షిణమున మరక్కాణము దాక సుమారు 420 కిలోమీటర్లు అది సాగెను. 1806లో ఎన్నూరుదాక మొదట త్రవ్వబడి, 1876–78 నాటి మహాక్షామకాలమున కూలి కఱవుబడిన జనులచే పొడిగింపబడినది. కాకినాడనుండియు, కృష్ణా గోదావరీ మండలములనుండియు బియ్యము, కట్టెలు, ఉప్పు పడవలమీద ఈ జలమార్గముననే పట్టణము చేరుచుండెను.

వర్షము సంవత్సరమునకు సుమారు 140 సెంటీమీటర్లు కురియును. తెలుగునేలలో చాల భాగమునకు నైరుతి వానలు ప్రధానము. ఇచటనో, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్యపు గాలి తెచ్చు వానలే సగమునకు మించినవి. ఆ మూడు నెలలలో చెఱువుల నిలుపుకొన్న నీరే తక్కిన తొమ్మిది నెలలకు ఆధారము. సభాసదులు ఈ యొక్క సంగతిని జ్ఞాపకమున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము. మఱల దీనియొద్దకే రావలసియున్నది.

గుడ్డ పిలిచిన పట్టణము

ఆంగ్లేయ కుంపిణీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. అచటి యధికారుల యొత్తిడి హెచ్చగా, 1626 ప్రాంతమున నెల్లూరు తీరమందలి దుగరాజపట్టణమున మఱియొకటి పెట్టిరి. దానిని వారు ఆర్మగాను అనిరి. అచట కోరినంత గుడ్డ దొరకకుండెను. అప్పుడు ఫ్రాన్సిసు డే అను నుద్యోగి దక్షిణతీరము చూచివచ్చి, యిచటి గుడ్డ మేలైనదనియు, ఇతర తావులకంటె నూటికి 20 వంతులు చౌక యనియు పైవారికి వ్రాసెను. చంద్రగిరి రాజునకు లోబడిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో ఈ నేలను వారికిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట ఇది చెన్నపట్టణ మయ్యెను. మదరాసపట్టణ మను పల్లె అంతకుముందే యుండెను. 1640లో సెయింటు జార్జి కోట పని మొదలయ్యెను. ఇచ్చినవారు తెలుగు నాయకులు. ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని నడుమ దుబాసియై నిలిచిన బేరి తిమ్మన్నయు, ఆయన వెనుక కుంపిణీ ప్రధానవర్తకుడైన కాసి వీరన్నయు తెలుగువారే.

నాటి వర్తకపు తీరు ఎట్టిదనగా: కుంపిణీ ప్రధానవర్తకునితో ఒడంబడిక చేసికొనును. ఆయన చిన్నవర్తకులకు, వారు నేతవానికి బయానా ఇత్తురు. నేతవాడు నూలు కొని, గంజి పెట్టి, నేసి ఇచ్చును. కోటలో పొడవు, వెడల్పు, పోగుల చిక్కదనము చూచి తరగతులు నిర్ణయింతురు, నచ్చనిదానిని త్రిప్పిపంపుదురు. పిదప చాకలివారు చలువ చేయుదురు, అద్దకపువారు రంగు లద్దుదురు. ఆ చాకళ్లు నివసించిన వాషర్మనుపేట నేటికిని ఆ పేరుతోనే యున్నది. తెరచాప యోడలు అక్టోబరు తుపానులకు ముందే తీరము విడువవలెను. కావున గుడ్డ గడువులోపల చేరనిచో ఒక యేటి పని వ్యర్థము. గడువు తప్పినందలి నష్టము పైవాని నుండి క్రిందివానికి జారి, తుదకు మగ్గపుగుంటలో కూర్చున్నవాని నెత్తిన పడుచుండెను. లాభము మాత్ర మంత వేగముగా క్రిందికి జారలేదు.

నేతవారిని చేరువకు రప్పించుటకై కుంపిణీవారు పేటలు కట్టించిరి. గవర్నరు కాలెట్టు పేరిట తిరువొత్తియూరు దాపున కాలడిపేట వెలసెను. 1734లో గవర్నరు జార్జి మార్టను పిట్టు కాలమున కూవము వంపులో, సుంకురామ సెట్టి తోటయందు, చింతాద్రిపేట ఏర్పడెను. అఱవమున 'తఱి' యన మగ్గము, చిన్నతఱిపేటయే చింతాద్రిపేట. అందు వడకువారికి, నేయువారికి, అద్దువారికి, చలువ చేయువారికి ఇండ్లు కట్టుకొన స్థలము లిచ్చిరి. నేడు ఆ వీథులలో నడచువారిలో ఆ పేరునకు మగ్గమే మూలమని యెఱిగినవారు అరుదు.

కుల సంఘముల సభయందు చెప్పక విడువరాని మాట యొకటి కలదు. ఆ కాలమున పట్టణములోని కులములు కుడిచేయి, ఎడమచేయి యని రెండు కక్షలై, ఏ పెండ్లి యూరేగింపు ఏ వీథిని పోవలెనను తగవుతో 1652లోను, మఱల 1707లోను కలహించెను. రెండవసారి కుడిచేతివారనేకులు పట్టణము విడిచి సాంతోమునకు పోయిరి, వర్తకము స్తంభించెను. గవర్నరు తామసు పిట్టు పెద్దనాయకునిపేటను కుడిచేతివారికి, ముత్యాలపేటను ఎడమచేతివారికి పంచి తీర్పు చెప్పెను. ఇరుకక్షలలోను గుడ్డమీద బ్రదుకు వారుండిరి. ఎవరి గుడ్డ ఏ ధరకు పోవునో నిర్ణయించునది మూడవవాడు. వీథికొఱకు పోరిన ఆ పెద్దలు గుడ్డ వెలకొఱకు కూడి నిలిచియున్నచో చరిత్రము మఱియొక తీరుగా నుండెడిదేమో!

రేవు లేని రేవుపట్టణము

సముద్రతీరపు పట్టణమనగానే రేవు సహజముగా నుండునని తలంతుము. ఇచట 250 ఏండ్లకు పైగా ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. నడుమ భయంకరమైన నురుగు కెరటములు. వానిని దాటుటకు మసూలా పడవలే శరణ్యము. మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బకు విచ్చిపోవును గనుక, కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టిన పడవలను మన తీరపు బెస్తలు నడపిరి. గవర్నరు గాని గుడ్డమూట గాని వారి చేతులమీదుగా దిగవలసినదే, ఎక్కవలసినదే.

1861లో ఇనుపస్తంభముల వంతెన యొకటి సముద్రములోనికి కట్టబడెను. 1875లో రేవుగోడల కట్టడమునకు శిలాస్థాపన జరిగెను. పని ముగియవచ్చిన సమయమున, 1881 నవంబరు తుపాను ఆ గోడలను కూల్చివైచెను. మఱల కట్టిరి. తూర్పునకు తెఱచియుంచిన ద్వారము ఇసుకతో పూడసాగెను. 1904 మొదలు రేవు పాలకసంఘమున కధ్యక్షుడైన ఫ్రాన్సిసు స్ప్రింగు ఆ ద్వారమును మూయించి, ఈశాన్యమున క్రొత్త ద్వారము తెఱపించెను. నేటి రేవునకు ఆకృతి నిచ్చినది ఆ మార్పే.

ఇసుక సంగతి ఆలోచింపదగినది. ఈ తీరమున ఇసుక సంవత్సరమున హెచ్చుకాలము దక్షిణమునుండి యుత్తరమునకు నడచుచుండును. రేవుగోడ అడ్డుపడగా అది దక్షిణమున మేటవేసి మెరీనా తీరమును వెడల్పు చేసెను. ఆ తీరమున 1884లో గవర్నరు గ్రాంటు డఫ్ విహారమార్గము నేర్పఱచెను. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు తీరములకు రావలసిన యిసుక రాక సముద్రము నేలను కోసికొనిపోయెను. బెస్తల గుడిసెలు పోయెను. ఒకవైపు విహారతీరము పెరిగినది, మఱియొకవైపు జీవనతీరము తఱిగినది. ఒకే గోడ రెంటిని చేసెను.

మగ్గమునుండి యంత్రమునకు

19వ శతాబ్దమున ఆంగ్లదేశపు మరగుడ్డ దిగుమతి కాసాగెను. 1833 చట్టముతో కుంపిణీ వర్తకమే ముగిసెను. ఏ గుడ్డకొఱకు పట్టణము కట్టిరో ఆ గుడ్డ నేయువాడే పట్టణమునకు అక్కఱలేనివాడయ్యెను. 1856లో రాయపురమునుండి తొలి రైలు ఆర్కాటు వైపునకు నడచెను. పెరంబూరున బకింగుహాము, కర్ణాటిక్ మిల్లులు వెలసెను. మగ్గము విడిచినవారు మిల్లు ద్వారమున నిలిచిరి. అచటి కార్మికుల బాధలనుండియే 1918లో మదరాసు లేబరు యూనియను పుట్టెను, బి. పి. వాడియా, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు దానికి మూలపురుషులు. భారతదేశమున క్రమబద్ధమైన కార్మికసంఘములలో ఇది మొదటిదని చెప్పుదురు. ఆ మిల్లులును 1996లో మూతపడెను.

పట్టణము మాత్రము నిలువలేదు. పెరంబూరు పెట్టెల కర్మాగారము 1955లో ఆరంభమయ్యెను. ఎన్నూరు, తిరువొత్తియూరు, అంబత్తూరులందు మోటారు పరిశ్రమలు, మణలియందు చమురుశుద్ధి కర్మాగారము, పల్లావరపు ప్రాంతమున తోళ్లపని, 2000 తరువాత దక్షిణపు దారివెంట గణకయంత్రముల కార్యాలయములు పెరిగెను. ఎన్నూరునొద్ద 2001లో రెండవ పెద్దరేవు తెఱవబడెను. పనికొఱకు నేడు దేశపు నాలుగు దిక్కులనుండి జనులు వచ్చుచున్నారు. మన సంఘమువారి బిడ్డలును అందున్నారు.

మన కులమునుండి ఈ పట్టణమునకు దక్కిన మహనీయుడు పిట్టి త్యాగరాయ సెట్టిగారు (1852–1925). త్రాడు లాగగా తానై పరుగెత్తు నాడె గల మగ్గములను ఆయన నెలకొల్పెను. నగరపాలకసంఘమున కధ్యక్షుడై, 1920లో థౌజండులైట్సు పాఠశాలయందు పేదబిడ్డలకు పగటి భోజనము పెట్టించెను. తరువాతికాలమున దేశమంతట వ్యాపించిన మధ్యాహ్న భోజనపు పద్ధతికి ఆ పాఠశాల తొలిమెట్లలో నొకటి. 1935లో చేనేత సహకారసంఘము రాజధానికంతటికి నేర్పడుటయు, చీరాల ప్రాంతమున నేసిన గళ్లరుమాళ్లు 'మదరాసు రుమాలు' పేరిట పడమటి ఆఫ్రికాకు పోవుటయు మన వృత్తి పూర్తిగా చావలేదనుటకు సాక్ష్యములు.

తెలుగువారు – చెన్నపురి

చెన్నపురి 1953 వఱకు మనకును రాజధాని. 1854లో వావిళ్లవారి ముద్రణాలయము వెలసినది ఇచటనే. బొంబాయిలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఇచటికి తెచ్చిరి. గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1844లో 'క్రెసెంటు' పత్రికను, 1852లో మదరాసు నేటివు అసోసియేషనును స్థాపించి ప్రజల మొఱలను సీమదాక వినిపించిరి. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణమర్పించినది మైలాపూరులోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. చెన్నపురి అఱవసోదరుల రాష్ట్రమునకు రాజధానిగా నిలిచెను. 1996లో పట్టణపు అధికార నామము చెన్నై యయ్యెను. ఆనాటి మనస్తాపములను త్రవ్వుట మా యుద్దేశము కాదు. సరిహద్దు గీయబడిన పిమ్మటను మన యిరువురను కలిపిన యొక నీటి పాయను గూర్చి చెప్పి ముగించెదము.

నీటి యప్పు

1872లో కొసస్తలైయారు నీటిని మళ్లించి చోళవరము, ఎఱ్ఱకొండల చెఱువులకు చేర్చిరి. 1914లో కీల్పాకమున నీటిశుద్ధి యేర్పడెను. సత్యమూర్తిగారు మేయరై పూనిక వహింపగా 1944లో పూండి జలాశయము పూర్తియయ్యెను. అదియు చాలలేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు కృష్ణాజలమున తమ భాగమునుండి తలకు 5 టి.ఎం.సి. ఇచ్చుట కంగీకరించెను. 1983లో తెలుగుగంగకు ఒడంబడిక జరిగెను. శ్రీశైలమునుండి సోమశిలకు, సోమశిలనుండి కండలేరునకు, అచటినుండి సుమారు 177 కిలోమీటర్ల కాలువలో పూండికి నీరు ప్రవహించును. 1996లో కృష్ణ తొలుత చెన్నపురి చేరెను. రాయలసీమ, నెల్లూరు రైతులు తమ పొలములచెంతనుండి పోనిచ్చు నీరది. దప్పికగొన్నవాని కిచ్చిన నీరు దానము కాదు, ధర్మము. అయినను పుచ్చుకొన్నవాడు తన కుండను పగులగొట్టుకొనరాదు.

పట్టణము తన కుండను తానే పగులగొట్టుకొన్నది. నుంగంబాకమునుండి సైదాపేట వైపునకు వ్యాపించిన మాంబళపు పెద్దచెఱువును 1920 తరువాత పూడ్చి ఇండ్లు కట్టిరి. పడమటి మాంబళమున 'లేక్ వ్యూ రోడ్డు' అను పేరు మాత్రము మిగిలినది. చూచుటకు చెఱువు లేదు. పూడ్చిన నేలమీద వెలసిన నగరమునకు పెట్టినది మన త్యాగరాయ సెట్టిగారి పేరే. నేడు త్యాగరాయనగరము పట్టణమున కెల్ల పెద్ద గుడ్డలబజారు. కులవృత్తికి ఇంతకంటె గొప్ప స్మారకము లేదని మురియవచ్చును. కాని వాన హెచ్చిన యేడు ఆ బజారు వీథులలో మోకాలిలోతు నీరు నిలిచినప్పుడు చెఱువు తన చోటు వెదకికొనివచ్చినదని తెలిసికొనవలెను. దక్షిణమున పళ్లికరణై చిత్తడినేలయు ఇట్లే పూడ్పులకును చెత్తకుప్పలకును బలియై, చాలభాగము తఱిగిపోయెను. మిగిలినదానికి 2022లో అంతర్జాతీయ రాంసారు పట్టికలో చోటు దొరకెను.

ఫలితము రెండు విధములుగా వచ్చెను. 2015 డిసెంబరు 1న మొదలైన కుంభవృష్టిలో తాంబరమున ఒక్కదినమున 49 సెంటీమీటర్లు కురిసెను. చెంబరంబాకము చెఱువు నీరు విడువబడి అడయారు పొంగి జనులు వందలకొలది మడిసిరి. నాలుగేండ్లు తిరుగకముందే, 2019 వేసవిలో, ప్రధానమైన నాలుగు జలాశయములును దాదాపు ఎండిపోయెను. జోలార్పేటనుండి రైలుపెట్టెలలో నీరు తెచ్చిరి. ఒక్కటే పట్టణము, మునిగి చచ్చెను, ఎండి చచ్చెను. వాన మారలేదనము, నిలుపుకొను చోటు లేకపోవుట మాత్రము మనుష్యుని పనియే. ఇప్పుడు మింజూరు, నెమ్మేలియందు సముద్రజలమును మంచినీరుగా మార్చుచున్నారు. వాననీటిని ప్రతియింట నింకించుట 2003లోనే విధిగా చేయబడినది. ఆ విధిని ఇండ్లవారు ఎంత శ్రద్ధగా పాలింతురో, బావులు అంత నీరిచ్చును.

మనవి

సోదరులారా, మన సంఘమునకు మేము చేయు మనవి మూడు మాటలు.

మొదటిది: చింతాద్రిపేట వంటి పేటల కథ మన యిండ్ల పెట్టెలలోనే యున్నది. పాత చిట్టాలు, బయానాపత్రములు, గుడ్డ మచ్చులు, పేటవారి కట్టుబాట్ల తాళపత్రములు చెదలపాలు కానీయక, ఎగుమూరునందలి రాష్ట్ర ప్రాచీనపత్రాలయమువంటి తావుల కందింపుడు. గవర్నరుల యుత్తరములు భద్రముగా నున్నవి. నేసినవాని మాట మాత్రము లేదు.

రెండవది: పనికొఱకు పట్టణమునకు వచ్చు మన యువకులు అఱవమును శ్రద్ధతో నేర్చుకొనవలెను. తిమ్మన్న దుబాసియై గౌరవము పొందెను. భాష నెఱిగినవాడే నడుమ నిలువగలడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము: మీరు ఏ యూరివారైనను మీ యూరి చెఱువుగట్టును ఒకసారి నడచి చూడుడు. తూము పనిచేయుచున్నదా, పొరలుకట్ట యెవరి యింటి పునాదిగా మాఱినదో విచారింపుడు. మన పోషకులు సత్రములు కట్టించిరి, విద్యార్థులకు వసతులు కల్పించిరి. ఒక చెఱువు పూడిక తీయించుటయు అంతటి పుణ్యమే. నిలువుపోగును తెంపి అడ్డపోగును నేయలేమని మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. పట్టణమున కేలయైనను నీరే నిలువుపోగు.

 మన సంఘము దినదినాభివృద్ధి నొందుగాక.